విత్తనపు గిడ్డంగిలో వేడియు చెమ్మయు: నిస్తంత్రీ సాధనములతో వానిని కనిపెట్టు విధము



యాసంగి వరి కోసి నూర్చి, అందు మేలైన వడ్లను విత్తనమునకై యెత్తిపెట్టినచో, అవి మరల నారుమడికి పోవువఱకు ఆఱేడు మాసములు గిడ్డంగిలో నుండవలెను. ఆ కాలములో మన రామగుండము, పెద్దపల్లి, మంథని ప్రాంతములందు మొదట రోహిణి కార్తె యెండలు వచ్చును. 45 డిగ్రీలు దాటిన దినములు మనకు క్రొత్తవి కావు. తరువాత మృగశిర మొదలు చిత్త వఱకు వానలు. వానకాలపు పంటనుండి తీసిన విత్తనము చలికాలమును వేసవిని మాత్రమే దాటవలెను. యాసంగి విత్తనము ఎండను, చెమ్మను రెంటిని దాటవలసియున్నది. అందువలన మొలక చెడుట యాసంగి విత్తనమునందే యెక్కువ.

మొలక తప్పిన గింజ తఱచుగా కంటికి మంచి గింజ వలెనే కనబడును. రంగు చెడదు, తూకము తగ్గదు, కొఱికి చూచినను తెలియదు. నానబెట్టి మండె కట్టిన నాడే నిజము బయటపడును. అప్పటికి నారుమడి దమ్ము చేసి సిద్ధముగా నుండును, అదను దాటుచుండును, మారు విత్తనమునకు అప్పు చేయవలసి వచ్చును. కావున ఈ నెల పాఠమునకు విత్తనపు గిడ్డంగిలోని వేడిని, చెమ్మను కనిపెట్టు విషయమును గ్రహించితిని.

ఈ మధ్య పట్టణములందు అగ్గిపెట్టె పరిమాణము గల యొక సాధనము దొరకుచున్నది. అందు గాలి యొక్క వేడిని, చెమ్మను కొలుచు సెన్సరును, చిన్న బిళ్ల బ్యాటరీయు, తీగ లేకయే వార్త పంపు పరికరమును ఉండును. కొలిచిన అంకెలు మన చేతిలోని సెల్లుఫోనులో కనబడును. దీనిని మిక్కిలి శ్రద్ధతో వాడువారిలో చుట్టప్రియులు ఒక తెగ. వెలగల చుట్టలను సువాసన గల చెక్కతో చేసిన పెట్టెలలో దాచి, ఆ పెట్టెలోని గాలిచెమ్మ నూటికి 65 మొదలు 70 వఱకును, వేడి 18 మొదలు 21 డిగ్రీల వఱకును ఉండునట్లు వారు కాచుకొందురు. చెమ్మ తగ్గినచో ఆకు పొడియగును. పెరిగినచో బూజు పట్టును. వేడి హెచ్చినచో పొగాకు పెంకుపురుగు గ్రుడ్లు పొదిగి చుట్టలకు సూదిబెజ్జములు పెట్టును. ఇన్ని చుట్టలకై ఇంత కాపలాయా యని నేను మొదట నవ్వితిని. తరువాత మన గిడ్డంగి తలపునకు వచ్చి నవ్వు మానితిని.

నిజమునకు ఈ విద్య తెలుగు రైతునకు క్రొత్తది కాదు. గోదావరి లంకలలో చుట్టపొగాకు పండించువారు ఏ యంత్రమును లేకయే దీని నెఱిగినవారు. పట్టపగలు ముట్టుకొన్నచో పెళపెళ విఱుగు ఎండుటాకు తెల్లవాఱుజామున మంచుచెమ్మకు మెత్తబడి పదునునకు వచ్చును. ఆ వేళ చూచియే వారు దానిని కదలింతురు. ఆకు గాలినుండి చెమ్మను తీసికొనును, మరల గాలికి విడుచును. వడ్లగింజయు నట్టిదే, వేరుసెనగ పప్పును అట్టిదే. అంతేకాదు, చుట్టలను తినునదియు మన జగిత్యాల, నిజామాబాదు రైతుల పసుపుకొమ్ములను, ఎండుమిరపకాయలను తినునదియు ఒక్క పెంకుపురుగే. భేద మొక్కటి గలదు. చుట్టలవాడు ఫోనులో 70 అంకెను చూచి సంతోషించును. మనము 70 చూచినచో బస్తాలు విప్పవలెను.

విత్తనము ప్రాణము గల వస్తువు. అది ఊపిరి పీల్చును, బొగ్గుపులుసు వాయువును విడుచును, కొంత వేడిని, కొంత నీటిని గూడ పుట్టించును. వెనుకటి దినములలో ధాన్యపు పాతర తెఱచిన వెంటనే దిగరాదని పెద్దలు చెప్పుటకు కారణ మిదియే. పాతరలోని గింజలు విడిచిన బొగ్గుపులుసు వాయువు అడుగున నిలిచి దిగినవానిని చంపును. గింజ పొడిగా నున్నపుడు ఈ యూపిరి యుండీలేనట్లుండును. తేమ పెరిగినకొలది ఊపిరి హెచ్చును, తనలోని ఆహారము తఱుగును, బూజు తోడగును.

బొగ్గుగనుల ప్రక్కన నున్న మనకు ఇంకొక పోలిక చెప్పవచ్చును. గని పైన పోసిన బొగ్గుకుప్ప యెవ్వరును నిప్పు పెట్టకయే లోలోపల రాజుకొని పొగలు విడుచుట గోదావరిఖనిలో చూడనివారు అరుదు. బొగ్గు గాలిలోని ప్రాణవాయువును పీల్చి వేడెక్కును. ఆ వేడి బయటికి పోలేనపుడు మఱింత వేగముగా పీల్చును. తడివడ్ల కుప్పలోను కార్య మిట్లే జరుగును. కాని అక్కడ పీల్చునది బొగ్గు, ఇక్కడ పీల్చునవి గింజయు బూజును. వడ్లకుప్ప సాధారణముగా మండదు. నడుమ చేయి దూర్చినచో మాత్రము చుఱుక్కుమనును. అంత వేడి పుట్టిన తరువాత మొలకను గుఱించి ఆశ పెట్టుకొన బనిలేదు.

ఇక చెమ్మ యనగా నేమో స్పష్టముగా తెలిసికొనవలెను. గాలి యెంత వేడిగా నుండిన అంత యెక్కువ నీటియావిరిని మోయగలదు. ఒక ఘనమీటరు గాలి 20 డిగ్రీలలో సుమారు 17 గ్రాములు, 25 డిగ్రీలలో 23, 30 డిగ్రీలలో 30, 35 డిగ్రీలలో దాదాపు 40, 40 డిగ్రీలలో 51 గ్రాముల ఆవిరిని మోయును. మోయగలిగిన దానిలో నూటి కెన్నిపాళ్లు మోయుచున్నదో అదియే చెమ్మశాతము. శాస్త్రగ్రంథములలో సాపేక్షార్ద్రత యందురు. 30 డిగ్రీల గాలిలో 15 గ్రాముల ఆవిరి యున్నచో చెమ్మ 50. అదే గాలి రాత్రి 20 డిగ్రీలకు చల్లబడినచో ఆవిరి యొక్క గ్రామైనను పెరుగలేదు, అయినను చెమ్మశాతము 85 దాటును. ఈ సంగతి మఱవకుడు. తలుపులు ఎప్పుడు తెఱవవలెనను ప్రశ్నకు సమాధానము దీనిలోనే యున్నది.

ఈ కొలత గనులలో పనిచేయు మన బిడ్డలకు తెలిసినదే. గనిలో నొక పిడికి కట్టిన రెండు థర్మామీటర్లను గిరగిర త్రిప్పి చూతురు. ఒకదాని బల్బు పొడిగా నుండును, రెండవదానికి తడిగుడ్డ చుట్టియుండును. గాలి పొడిగా నుండినచో తడిగుడ్డ త్వరగా ఆఱి ఆ బల్బు చల్లబడును. గాలి చెమ్మతో నిండియున్నచో రెండును సమానముగా నుండును. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు పనిచోట తడిబల్బు వేడి 33.5 డిగ్రీలు దాటరాదనియు, 30.5 దాటినచో సెకనుకు 1 మీటరుకు తక్కువ కాని వేగముతో గాలి ఆడవలెననియు విధించెను. అది మనుష్యుని దేహమును కాపాడుటకు; మన పని గింజను కాపాడుట. నేను చదివిన మిషను బడిలో సైన్సు పంతులుగారు రెండు థర్మామీటర్లను, దీపపు వత్తిని తీసికొని దీనినే చేసి చూపిరి. తరువాత పట్టికలో వెదకి చెమ్మశాతము కనుగొనవలసి యుండెడిది. అంతకు పూర్వము 1783లో జెనీవా నగరపు సోస్యూరు అను పండితుడు మనుష్యుని తలవెండ్రుక చెమ్మకు సాగుటను ఆధారముగా చేసికొని కొలిచెను. ఇప్పటి సెన్సరులో వెండ్రుకయు లేదు, వత్తియు లేదు. రెండు లోహపు పొరల నడుమ ఒక పలుచని ప్లాస్టిక్కు జాతి పొర యుండును. అది గాలిచెమ్మను పీల్చినకొలది విద్యుత్తును నిలుపుకొను శక్తి మాఱును. ఆ మాఱుటను లెక్కించి యంత్రము అంకెగా చూపును. మంచి సెన్సరైనను రెండు మూడు పాళ్లు అటునిటు చూపుట సహజము.

విత్తనపు ఆయుర్దాయమును గుఱించి హారింగ్టను అను అమెరికా శాస్త్రజ్ఞుడు మూడు సూత్రములు చెప్పెను. గింజలోని తేమ ఒక పాలు తగ్గినచో దాని ఆయుస్సు రెట్టింపగును. ఇది 5 మొదలు 14 పాళ్ల తేమ వఱకు చెల్లును. వేడి 5 డిగ్రీలు తగ్గినను ఆయుస్సు రెట్టింపగును. మూడవది: ఫారన్‌హీటు డిగ్రీలలో వేడిని, నూటికి చెమ్మపాళ్లను కూడగా మొత్తము 100 దాటకుండిన విత్తనము చక్కగా నిలుచును. ఈ మూడవ సూత్రమును మన యూరికి తెచ్చి చూడుడు. మే నెలలో గిడ్డంగి లోపల 40 డిగ్రీలున్నచో అది ఫారన్‌హీటులో 104. చెమ్మను కూడకముందే నూఱు దాటినది! ఆగస్టులో 30 డిగ్రీలనుకొన్నను 86 అగును, చెమ్మకు 14 పాళ్లు మాత్రమే మిగులును. అంత పొడిగాలి వానకాలమున గోదావరి యొడ్డున నెక్కడిది? కాబట్టి మూడవ సూత్రము శీతల గిడ్డంగులు గలవారికే పనికివచ్చును. రేకుల కప్పు క్రింద వేడిని తగ్గించుట మన చేతిలో కొంచెమే యున్నది. మన చేతిలో పూర్తిగా నున్నది మొదటి సూత్రము. 13 పాళ్ల తేమతో దాచిన వడ్లను 11 పాళ్లకు ఆఱబెట్టి దాచినచో ఆయుస్సు నాలుగు రెట్లగును. దీనికి కావలసినది ఎండయు, ఓపికయు మాత్రమే.

అయితే ఆఱబెట్టిన గింజ ఆఱినట్లే యుండదు. చుట్టునున్న గాలితో అది ఒప్పందమునకు వచ్చును. గాలిచెమ్మ 60 వద్ద చాలకాలమున్నచో వడ్లు సుమారు 12 పాళ్ల తేమకు చేరును; 75 వద్ద 14; 90 వద్ద 17 దాటును. సోయాచిక్కుడు 60 వద్ద 9 పాళ్లకును, 75 వద్ద 13 పాళ్లకును చేరును. వేరుసెనగ పప్పు నూనెగింజ గనుక అదే చెమ్మలో వీనికన్న తక్కువ తేమ వద్దనే నిలుచును. ధ్రువీకరణ విత్తనమునకు ప్రభుత్వము పెట్టిన హద్దులు చూడుడు: మామూలు సంచులలో వడ్లకు 13, వేరుసెనగకు 9, సోయాకు 12 పాళ్లు, మొలక వడ్లకు నూటికి 80కిని, తక్కిన రెంటికి 70కిని తగ్గరాదు. గాలిచెమ్మ 65 దాటి 70కి చేరునపుడు నిలువబూజులు మొలచును. కావున 60 లోపల క్షేమము, 65 హెచ్చరిక, 70 అపాయమని గోడమీద సున్నముతో వ్రాసికొనవచ్చును.

ఇపుడు నా పొరపాటు నొకదానిని చెప్పవలెను. చెప్పక పాఠము పూర్తి కాదు.

మూడు సంవత్సరముల క్రిందట ఒక గ్రామ సంఘపు గిడ్డంగిలో నేనే యొక నిస్తంత్రీ సెన్సరును పెట్టించితిని. తలుపు ప్రక్కన మనిషి యెత్తున మేకు కొట్టి దానికి తగిలించితిని. ఫోనుకు బాగుగా అందుచుండెను, వచ్చినవారందఱకు చూపుటకును వీలుగా నుండెను. ఆ వానకాలమంతయు అది 58 మొదలు 63 వఱకు చూపెను. సభ్యులు అడిగినప్పుడెల్ల భయము లేదని చెప్పితిని. కార్తీకమున విత్తనము పంచి మండె కట్టగా, ముందువరుస బస్తాలు నూటికి 85 పైగా మొలచెను. వెనుకగోడ నానుకొనియున్న వరుసలో సగమును మొలవలేదు. పోయి చూడగా గోడ పైభాగమున చూరునీరు గోడలోనికి ఊఱుచుండెను. గోడ తడి బస్తాలకు ప్రాకెను. గోడకు బస్తాలకు నడుమ జానెడు సందైనను లేదు. ఆ నెట్టు కట్టునపుడు నేను అక్కడనే నిలిచియుంటిని.

ఆ వరుస విత్తనము పొందినవారిలో నొక కౌలురైతు గలడు. అతడు కోపపడలేదు. తన పలుకుబడిలో నొక్క మాట అడిగెను: "సారూ, మీ మిషిని దర్వాజ కాడి గాలిని జూసింది. నా బస్తాను జూసిందా?" ఆ యేడు అతడు రెండవసారి విత్తనము అప్పుతో కొని, పండ్రెండు దినములు ఆలస్యముగా నారు పోసెను. వెనుక నాటిన పొలమునకు చివరి తడులవేళ కాలువనీరు చాలలేదు. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానము లేకపోయెను.

అందువలన ఇప్పుడు చెప్పునది జాగ్రత్తగా వినుడు. గిడ్డంగి గాలి యొకటి, బస్తా లోపలి గాలి వేఱొకటి. మనకు కావలసినది రెండవది. గింజల నడుమ చిక్కిన గాలి గింజతో సమానమైన చెమ్మకు వచ్చియుండును గనుక, బస్తా నడిబొడ్డున సెన్సరు 60 చూపినచో వడ్ల తేమ 12 పాళ్ల దగ్గఱ నున్నదని గింజను కోయకయే గ్రహింపవచ్చును. పిడికెడు ప్లాస్టిక్కు డబ్బాకు సన్నని బెజ్జములు పొడిచి, సెన్సరును అందుంచి, దుమ్ము చొరకుండ పలుచని నూలుగుడ్డ చుట్టి, బస్తా నడుమకు దూర్చవలెను. ఏ బస్తాలో? అన్నిటికన్న చెడ్డచోట నున్న బస్తాలో. అనగా వెనుకగోడ దగ్గఱ, అడుగువరుసలో. మంచిచోట పెట్టిన సెన్సరు మన మనస్సును సంతోషపెట్టుటకే పనికివచ్చును. రెండవది నెట్టు పైన, కప్పు క్రింద. వేసవిలో రేకుల వేడి అక్కడనే తెలియును. మూడవది బయట, ఎండ వాన తగులని నీడలో. మూడును కలిపి చూచిననే నిర్ణయము చేయగలము. మూడు కొనుటకు సొమ్ము చాలకున్నచో మొదటిదానిని మానరాదు.

కొన్న సెన్సరు చెప్పునది నిజమో కాదో పరీక్షించు ఉపాయము చుట్టలపెట్టెవారి యొద్దనే యున్నది. అది మన వంటింటిలోని యుప్పుతో జరుగును. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీరు కలిపి తడియిసుక వలె చేయవలెను. ఉప్పు పూర్తిగా కరగరాదు, పైన నీరు తేలరాదు. ఆ మూతను, సెన్సరును ఒకదాని నొకటి తాకకుండ మూతబిగువు గల డబ్బాలో నుంచి, ఎండ తగులనిచోట ఒక రాత్రియు పగలును కదపక యుంచుడు. డబ్బాలోని చెమ్మ 75 వద్ద నిలుచును. 20 డిగ్రీలైనను 40 డిగ్రీలైనను ఈ యంకె ఇంచుమించు మాఱదు. ప్రకృతి మనకిచ్చిన తూకపురాయి వంటిది. సెన్సరు 79 చూపినచో అది 4 పాళ్లు ఎక్కువ చెప్పుచున్నదని దానిమీద కాగితము అంటించి వ్రాసికొనవలెను. మృగశిరకు ముందు ఒకసారి, దసరాకు ఒకసారి ఈ పరీక్ష చేయించుట మంచిది. మన గిడ్డంగి దుమ్ములో సెన్సర్లు క్రమముగా తప్పు చెప్పుటకు మొదలిడును.

తలుపులు తెఱచుట విషయములో చాలమంది తప్పు చేయుచున్నారు. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నము గాలి ఆడవలెనని తలుపులన్నియు తెఱతురు. ఆనాడు బయట 30 డిగ్రీలు, చెమ్మ 80 అనుకొనుడు. ఆ గాలిలో 24 గ్రాముల ఆవిరి గలదు. లోపలి బస్తాలు రాత్రి చలికి 25 డిగ్రీలున్నచో, వానిని తాకిన గాలి 23 గ్రాములకన్న మోయజాలదు. మిగిలినది బస్తాలమీద చెమటగా దిగును. మేలు చేయబోయి విత్తనమునకు నీరు పోసితిమి. ఇంకొక దినము రాత్రి బయట 25 డిగ్రీలు, చెమ్మ 85. అంకె చూడగా భయము కలుగును. కాని అందున్న ఆవిరి 20 గ్రాములకు మించదు. లోపల 30 డిగ్రీలు, చెమ్మ 70 ఉన్నచో అక్కడ 21 గ్రాములున్నవి. ఈ రాత్రి తలుపు తెఱచినచో వేడియు తగ్గును, ఆవిరియు కొంచెము తగ్గును. కావున లోపలి బయటి చెమ్మశాతములను పోల్చుట చాలదు. పైన చెప్పిన గ్రాముల లెక్క వేసి ఆవిరిని పోల్చవలెను. బయటి ఆవిరి తక్కువైననే తెఱచుట, లేనిచో మూయుట. కొన్ని ఫోనులలో మంచుబిందువు అను అంకె గూడ కనబడును. బయటి మంచుబిందువు లోపలిదానికన్న తక్కువగా నున్నపుడు తెఱువవచ్చునని గుర్తుంచుకొన్న లెక్కతో బనిలేదు. దొంగల భయముచే రాత్రి తలుపు తెఱవలేనిచోట ఇనుపజాలి కిటికీలు చాలును.

నిస్తంత్రీ వార్తను గుఱించి కొంచెము. చవుక సాధనములు బ్లూటూత్ పద్ధతివి. బయలున 10 మొదలు 30 మీటర్ల వఱకు అందును. గోడయు, వడ్లబస్తాలును అడ్డమైనచో ఇంకను తగ్గును. ఇనుపరేకు గాదెలో పెట్టినచో ఒక్క అడుగైనను బయటికి రాకపోవచ్చును. గుమాస్తా ఫోను పట్టుకొని దగ్గఱకు పోయినచో, అంతవఱకు సాధనము దాచియుంచిన అంకెలన్నియు ఫోనులోనికి దిగును. ప్రతిదినము పోవువారికి ఇది చాలును. లోరా అను వేఱొక పద్ధతి గలదు. మన దేశములో 865 మొదలు 867 మెగాహెర్ట్జు తరంగములను లైసెన్సు లేకుండ వాడుకొనవచ్చును. వానితో నడుచు సాధనము కొన్ని కిలోమీటర్ల దూరమునకు వార్త పంపగలదు. దానికి సంఘ కార్యాలయములో నొక గ్రాహకయంత్రము పెట్టవలెను. నాలుగైదు గిడ్డంగులు గల సంఘమునకు తగును. ఒక్క గది గల సంఘమునకు దండుగ యని నా యభిప్రాయము. ఏ పద్ధతియైనను 65 దాటగానే ఫోను మ్రోగునట్లు ఏర్పాటు చేయించుడు. ఫోను మ్రోగుననుకొని పుస్తకమును మానరాదు. ఉదయము 8 గంటలకు, మధ్యాహ్నము 3 గంటలకు అంకెలను రిజిస్టరులో సిరాతో వ్రాసి సంతకము చేయవలెను. బ్యాటరీ అయిపోయిన సెన్సరు కేకలు వేయదు, ఊరకుండును; ఖాళీ గడిని చూచిననే ఆ సంగతి తెలియును.

ముఖ్యమైన హెచ్చరిక యొకటి గలదు. పురుగులకై అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలతో పొగ పెట్టించునపుడు సెన్సర్లను ముందుగా తీసివేయవలెను. ఆ బిళ్లలనుండి పుట్టు వాయువు రాగిని తినివేయును, యంత్రములను చెఱచును. మనుష్యునికి అది ప్రాణాంతకమని వేఱుగా చెప్పనక్కఱలేదు. శిక్షణ పొందినవారిచేతనే ఆ పని చేయింపవలెను. పొగ విడిచి, గాలి పూర్తిగా ఆడిన తరువాతనే సెన్సర్లను మరల పెట్టవచ్చును.

అంకె 65 దాటిన యెడల మొదట చూడవలసినవి కప్పును, చూరును, గోడను. కారుచున్నచో దానిని ఆపక బస్తాలు త్రిప్పిన ప్రయోజనము లేదు. బస్తాలు చెక్కదిమ్మెలమీద గాని వెదురుతడకలమీద గాని నేలకు ఎడముగా నుండవలెను. గోడకు రెండడుగుల సందు, మనిషి తిరుగునంత, విడువవలెను. తడి తగిలిన వరుసను దింపి ఆఱబెట్టవలెను. ఆఱబెట్టునపుడు ఇంకొక ప్రమాదము గలదు. విత్తనము 43 డిగ్రీల వేడిని మించినచో మొలకకు హాని. మే నెల మధ్యాహ్నమున మన సిమెంటు కళ్లము, తారురోడ్డు చెప్పులేని కాలు పెట్టనీయవు. అచ్చట మిట్టమధ్యాహ్నము పఱచిన వడ్లు బియ్యమునకు పనికివచ్చును గాని విత్తనమునకు పనికిరావు. ఉదయము 11 గంటల లోపల, మరల 3 గంటల తరువాత, రెండంగుళముల మందమున పఱచి మాటిమాటికి తిరుగవేయుడు. సెన్సరునే వడ్లలో దాచి వేడిని చూచుకొనవచ్చును. 40 చూపగానే నీడకు ఎత్తుడు. ఆఱిన వడ్లను వేడిగా నున్నపుడే సంచులకెత్తరాదు. ఒక రాత్రి చల్లారనీయవలెను. ఇట్లు బాగుగా ఆఱిన విత్తనమునకు గాలిచొరని సంచులు మేలు చేయును. తడితో అందులో బిగించినచో గాలిలేక అచ్చటనే చచ్చును.

విత్తనము పంచుటకు పదిదినముల ముందు నెట్టు యొక్క ప్రతివరుసనుండి వేర్వేఱుగా గింజలు తీసి, నాలుగు నూళ్లు లెక్కించి, తడిగుడ్డలో చుట్టి మొలకపరీక్ష చేయవలెను. అన్ని వరుసల గింజలను కలిపి ఒక్క పరీక్ష చేసినచో మంచి వరుస చెడ్డ వరుసను కప్పిపుచ్చును. నా పొరపాటు జరిగిన యేడు చేసిన పరీక్ష అట్టిదే.

గడచిన వానకాలమున అదే గిడ్డంగిలో వెనుకగోడ అడుగుబస్తాలో సెన్సరు నుంచితిమి. గోడకు రెండడుగుల సందు విడిచితిమి. ఆగస్టు నెలలో మూడుదినములు ముసురు పట్టిన తరువాత ఒక రాత్రి కార్యదర్శిగారి ఫోను మ్రోగెను, బస్తాలో 66. తలుపువద్ద గాలి ఆ సమయమున 61 మాత్రమే. తెల్లవాఱి చూడగా రేకుల జోడింపున ఒక బోల్టు వదులై నీరు ఆ మూలనే కారుచుండెను. బోల్టు బిగించి తారు పూసి, పదునాలుగు బస్తాలు దింపి, తెరపి యిచ్చిన రెండుదినములును ఆఱబెట్టితిమి. తిరిగి నెట్టు కట్టిన వారమునకు అంకె 59కి దిగెను. పంపకమునకు ముందు ఆ వరుసను వేఱుగా పరీక్షింపగా నూటికి 86 మొలచెను. ఆ కౌలురైతు ఈసారి తన బస్తామీద బొగ్గుతో గుర్తు పెట్టుకొని, దాని అంకె ఎంతయని వారమున కొకసారి వచ్చి కార్యదర్శిగారి ఫోనులో తానే చూచుకొనుచున్నాడు.